హారన్ మామ దాచిన కాగితం

హారన్ మామ అంచనా సారును వ్యాన్ ఎక్కించి, బయటి నుంచి తాళం వేసి, నలభై నిమిషాలు పిచ్చిపిల్లల మధ్య పడేశాడట. సారు కిటికీ అద్దం మీద కొట్టుకుంటూ ఏడ్చాడట. ఒక పిల్ల ఆయన చెవి కొరికేసిందట. మామ మాత్రం బయట బానెట్ మీద కూర్చుని తీరిగ్గా సిగరెట్టు కాల్చుకున్నాడట. మా వీధి చివర ఇస్త్రీ కొట్టు దగ్గర నేను మొదటిసారి విన్నప్పుడు తాళం ఒక్కటే ఉంది. రెండు రోజుల్లో చెవి వచ్చి చేరింది. వారం తిరిగేసరికి ఒక పెట్రోలు డబ్బా కూడా వచ్చింది.

మామ సిగరెట్టు తాగడు. సారు చెవులు రెండూ ఉన్న చోటే ఉన్నాయి. ఆ పిచ్చిపిల్లల్లో ఒకతె మా చెల్లి. ఆ నలభై నిమిషాలూ నేను అదే వ్యాన్‌లో ఉన్నాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అందుకని రాస్తున్నాను.

మా చెల్లికి పన్నెండేళ్ళు. మాట రాదు. బొత్తాం పెట్టుకోలేదు, గ్లాసు పట్టుకుంటే సగం ఒలుకుతుంది. అలాంటి పిల్లల కోసం నడిపే ఒక పగటి కేంద్రానికి వెళ్తుంది. టైర్ల కొట్టు వెనక రెండంతస్తుల పసుపు భవనం అది. అమ్మ ప్యాకింగ్ షెడ్డులో పని చేస్తుంది. తను పనికి పోతే కేంద్రానికి ముందూ తర్వాతా చెల్లిని చూసే మనిషి లేక, నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాను.

హారన్ మామ ఆ కేంద్రం వ్యాన్ డ్రైవరు. యాభై దాటిన మనిషి, వెడల్పాటి భుజాలు, గోళ్ళ సందుల్లో ఎప్పటికీ పోని నల్లటి గ్రీజు. వెనక సీటులో ఒక పిల్లాడికి హారన్ శబ్దం వినగానే ఒళ్ళు బిగుసుకుపోయేదని, మామ హారన్ తీగ కత్తిరించి పారేశాడు. అప్పటి నుంచి ఎవరైనా అడ్డం వస్తే కిటికీలోంచి తల బయట పెట్టి, "పాం... పాం... ఏమండోయ్, సైకిలాయనా, మిమ్మల్నే!" అని నోటితో కూస్తాడు. ఆ కూతకు ఆ పిల్లాడు కడుపు పట్టుకుని నవ్వేవాడు. పేరు అలా వచ్చింది.

అంతవరకు వింటే ఎంత మంచి మనిషో అనిపిస్తుంది. మంచివాడే. కానీ మామ లోపల ఒక పగ ఉంది. దానికి అన్నం పెట్టి, స్నానం చేయించి, బిడ్డను పెంచినట్టు పెంచాడు. వాళ్ళావిడ, నేను అత్తా అని పిలిచే ఆమె, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఒకసారి కుట్టుమిషను ఆపకుండానే నాతో అంది:

"మీ మామకి డబ్బాలో అన్నం సర్దడం దండగే అమ్మాయ్. పొద్దున్నే ఇంత పగ నమిలి పోతాడు, సాయంత్రం దాకా అరగదు."

"ఎవరి మీద అత్తా?"

"ఇంకెవరి మీద? ఆ అంచనాగాడి మీద."

అంచనా సారు మూడు నెలలకొకసారి కేంద్రానికి వచ్చేవాడు. ఈ పిల్లల మనసుకు ఏమైనా జబ్బు చేస్తోందా, తమకు తాము హాని చేసుకునే ప్రమాదం ఉందా అని చూసి, ఫారం మీద అంచనా రాసి ఇవ్వడం ఆయన పని. తెల్లగా, పొడుగ్గా ఉంటాడు. చొక్కా జేబులో రెండు పెన్నులు. చెడ్డవాడిలా కనిపించడు, కసురుకోడు కూడా. పిల్లలకు బిస్కెట్లు తెచ్చేవాడు. ఒక్కో పిల్లను పన్నెండు నిమిషాల్లో ముగించేవాడు.

ఆయన వచ్చినప్పుడల్లా మామకు వ్యాన్ కడగాలని బుద్ధి పుట్టేది. సరిగ్గా సారు స్కూటరు పక్కనే. బురద నీళ్ళు స్కూటరు సీటు మీద పడేవి. ఎండాకాలమైతే వ్యాన్‌ను కాస్త ముందుకు జరిపి, స్కూటరు మీద ఉన్న నీడంతా లాగేసుకునేవాడు. సారు ఆ సీటు మీద కూర్చుని ఎగిరిపడితే, మామ అద్దంలో చూసుకుంటూ మీసం సవరించుకునేవాడు. ఇవన్నీ చిల్లర పనులని ఆయనకూ తెలుసు.

"దీనికేం తృప్తి మామా?" అని అడిగాను ఒకసారి.

"తృప్తి కాదే, సాధన. చెయ్యి తిరిగి ఉండాలి గదా" అన్నాడు.

ఎందుకంత పగో అప్పటికి నాకు తెలియదు. తెలిసిన రోజు గురించి చెప్పాలంటే ముందు ఆయమ్మ సంగతి చెప్పాలి.

ఆయమ్మ వ్యాన్‌లో పిల్లలను చూసుకునే ముసలావిడ. మా ఇంటి తర్వాత రెండో మలుపులో, నీలం గేటు ఇంటి మేడ మీద ఉండేది. పొద్దున అక్కడే వ్యాన్ ఎక్కేది, సాయంత్రం అక్కడే దిగేది. ఆమె మెట్లు దిగి వచ్చేదాకా వ్యాన్ రెండు నిమిషాలు ఆగేది. ఏడేళ్ళు మా చెల్లి పక్క సీటు ఆమెదే. గేటు కనపడగానే చెల్లి కిటికీ వైపు జరిగి, పక్క సీటును అరచేత్తో తుడిచి పెట్టేది. ఆయమ్మ కూర్చుంటూ, "అబ్బో, నా సింహాసనం తుడిచావటే మహారాణీ" అనేది. చెల్లి గొంతులోంచి పావురం కూసినట్టు ఒక కూత వచ్చేది. మా చెల్లికి ఉన్న మాట అదొక్కటే.

నాలుగు నెలల కిందట ఆయమ్మ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. కూతురు వచ్చి వేరే ఊరు తీసుకుపోయింది. పిల్లలకు ఎవరూ చెప్పలేదు. కేంద్రం నడిపే పెద్ద మేడమ్, "చెబితే మాత్రం వాళ్ళకేం అర్థమవుతుందమ్మా" అంది. ఆయమ్మ వెళ్ళిపోయాక కొత్త మనిషిని పెట్టలేదు, ఎవరి పిల్లలతో వాళ్ళింటి వాళ్ళు వీలుంటే రండి అన్నారు. నేను వెళ్ళడం మొదలుపెట్టాను.

చెల్లి కూత ఆగిపోయింది. రాత్రుళ్ళు లేచి కూర్చునేది. సీసా మూతలు పోసిన రేకు డబ్బా ఒకటి ఉండేది, దాన్ని గలగలలాడించడం దానికి ప్రాణం. దాన్ని ముట్టడం మానేసింది. ఎడమ మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టింది. రక్తం వచ్చేలా.

కేంద్రంలో ఒక నియమం ఉంది. ఒక పిల్ల మూడుసార్లు రక్తం వచ్చేలా తనను తాను గాయపరుచుకుంటే, మిగతా పిల్లలు భయపడతారని ఇంటికి పంపేస్తారు. అది మనసుకు పట్టిన జబ్బు వల్లనే అని అంచనా సారు రాస్తే మాత్రం పంపకూడదు, కేంద్రమే డాక్టరుకు చూపించాలి. కేంద్రం లెక్కలో చెల్లికి అప్పటికి రెండుసార్లు అయింది. ఇంటికి పంపితే నేను ఏదైనా పని చూసుకునే దారి మూసుకుపోతుంది. నా సంగతి అలా ఉంచితే, నాలుగు గోడల మధ్య చెల్లి చెయ్యి మిగలదు. గురువారం అంచనా. శనివారం ఫారాలు పెద్ద మేడమ్ చేతికి వెళ్తాయి.

గురువారం నన్ను గదిలోకి రానిచ్చారు. చెల్లి బల్ల ముందు కదలకుండా కూర్చుంది. పొద్దున పదకొండు గంటలకు అది ఎప్పుడూ అలాగే ఉంటుంది, కొరుక్కోవడమంతా దారిలోనే అయిపోతుంది కనుక. సారు ఫారం చదువుతూ, జవాబు తనే చెప్పుకుంటూ రాసుకుపోయాడు.

"తనకు దిగులుగా ఉందని పిల్ల చెబుతుందా? వర్తించదు. స్నేహితులతో ఆటలు మానేసిందా? వర్తించదు. భవిష్యత్తు మీద ఆశ లేదని అంటోందా? వర్తించదు. బతకాలని లేదని ఎప్పుడైనా అన్నదా? వర్తించదు."

వర్తించదు అన్న ప్రతిదానికీ సున్నా. పదహారు ప్రశ్నలకు పద్నాలుగు సున్నాలు.

"సార్, కొరుక్కుంటోంది" అన్నాను.

"ఈ పిల్లలు కొరుక్కుంటారమ్మా. అది వాళ్ళ స్థితిలో భాగం." ఆయన పాత ఫారం తిరగేశాడు. "పోయిన మూడు నెలల ఫారంలో కూడా కొరుక్కుంటుందనే ఉంది చూడు. తేడా ఏముంది?"

పోయిన ఫారం రాసేనాటికి ఆయమ్మ వెళ్ళిపోయి నెల దాటింది. అంతకుముందు ఫారం చూడండి సార్, అప్పుడు కొరుక్కునేది కాదు, అనాలి నేను. నోటి దాకా వచ్చింది. "అంత..." అన్నాను. అక్కడ ఆగిపోయింది. ఆయన నవ్వి, చెల్లికి బిస్కెట్ ఇచ్చి, చివరి గడిలో రాశాడు. ప్రమాదం లేదు. ప్రవర్తన ఎప్పటిలాగే.

సాయంత్రం మిగతా పిల్లలందరూ దిగిపోయాక, మా ఇంటి ముందు మామ వెనక్కి తిరిగి అడిగాడు.

"ఏం రాశాడే?"

"ప్రమాదం లేదన్నాడు మామా."

"ఆ కింద?"

"ఎప్పటిలాగే అని."

మామ డ్రైవరు కళ్ళకు ఎండ పడకుండా పైన ఉండే అట్టను కిందికి వంచాడు. దాని వెనక ఒక ప్లాస్టిక్ కవరులో మడత పెట్టిన కాగితం ఉంది. తీసి నా చేతికిచ్చాడు. అదే ఫారం. అవే పదహారు ప్రశ్నలు, అదే చేతిరాత. పదకొండేళ్ళ కిందటి తేదీ. చివరి గడిలో అవే మాటలు.

"మావాడిది" అన్నాడు.

మామకు ఒక కొడుకు ఉండేవాడట. మా చెల్లిలాంటివాడే. తొమ్మిదేళ్ళు. గరిటెతో పళ్ళెం వాయించేవాడట, అన్నం పెట్టేదాకా, పెట్టాక కూడా. మామ అప్పుడు లారీల షెడ్డులో మెకానిక్కు. వాడిని పెంచిందంతా నాయనమ్మ. ఆమె చనిపోయింది. శవాన్ని తీసుకుపోయేటప్పుడు వాడిని పక్కింట్లో ఉంచారట, చూస్తే భయపడతాడని. తిరిగి వచ్చాక వాడు ఆమె మంచం వైపు తిరిగి పడుకున్నాడు. పళ్ళెం ముట్టలేదు, తినడం మానేశాడు. మామ వాడిని భుజాన వేసుకుని ఈ సారు దగ్గరికే పోయాడు.

"ముందెలా ఉండేవాడు అని ఒక్క ముక్క అడుగుతాడేమోనని చూశానే. అడిగితే చెప్పేవాణ్ణి. పళ్ళెం మాట చెప్పేవాణ్ణి. పిల్లాడు పడుకుని ఉన్నాడు, ఇలాంటివాళ్ళు పడుకునే ఉంటారు అనుకున్నాడు. రాసిచ్చాడు. ఈ కాగితం చూసి ఆసుపత్రిలో కూడా ఏం లేదు పొమ్మన్నారు. ఒళ్ళంతా ఎముకలైపోయాడు. చలికాలం జ్వరానికి తట్టుకోలేదు."

"ఆయనకు చెప్పావా మామా?"

"పోయి అడిగా. ఫారం సరిగ్గానే నింపాం అన్నాడు. ఆ తర్వాత ఏడాదికి ఇక్కడ డ్రైవరు కావాలంటే చేరా. ఎందుకు చేరానో తెలుసా? వాడి ముఖం చూడ్డానికి. పదేళ్ళు. ఏడాదికి నాలుగు సార్లు. ఒకసారి నన్ను చూసి, ఏమయ్యా, నిన్నెక్కడో చూసినట్టుందే అన్నాడు. ఆ మాట అనకుండా ఉన్నా బాగుండేది."

కాగితం మళ్ళీ అట్ట వెనక దూర్చి అన్నాడు: "రేపు రెండు తువ్వాళ్ళు ఎక్కువ తెచ్చుకో. మందంవి."

ఎందుకని నేను అడగలేదు. చెల్లి కొరుక్కునేటప్పుడు పళ్ళకూ చేతికీ మధ్య తువ్వాలు పెట్టి పట్టుకుంటాను. రెండు ఎక్కువ కావాలంటే ఎక్కువసేపు కొరుక్కోబోతోందని అర్థం. తెలిసే తీసుకెళ్ళాను. నాకూ ఆ సారుకు ఏదైనా జరిగితే బాగుండుననే ఉంది. ఈ మాట దాచి రాయడం నాకిష్టం లేదు.

శుక్రవారం మిగిలిన పిల్లల అంచనాలు ముగించుకుని సారు బయటికి వచ్చేసరికి స్కూటరు కదలలేదు. తన్నాడు, వంచాడు, మళ్ళీ తన్నాడు. మామ వ్యాన్ టైరు పక్కన గొంతుక్కూర్చుని ఎంతో విచారంగా చూశాడు. స్కూటరు ప్లగ్గు మామ జేబులో ఉంది.

"అయ్యో సారూ, ఇది ఇప్పట్లో కదలదు. మీ ఇల్లు మా దారిలోనే గదా, ఎక్కండి. పిల్లల్ని దింపుకుంటూ పోదాం."

"ఏమనుకోవుగా?"

"పదేళ్ళ నుంచి అనుకుంటున్నా సారూ, మిమ్మల్ని ఒక్కసారైనా ఎక్కించుకోవాలని."

సారు సంతోషించాడు. మామ ఆయనకు స్వయంగా సీటు చూపించాడు. మా చెల్లి పక్కది. నేను వెనక వరసలో కూర్చున్నాను. మొదటి మలుపులో ముగ్గురు దిగారు, ఆరుగురు మిగిలారు. సారు ఫోను చూసుకుంటున్నాడు.

నీలం గేటు కనబడింది. పొద్దునైనా సాయంత్రమైనా ఇప్పుడు అంతే, చెల్లి కిటికీ వైపు జరిగింది. పక్కకు తిరిగి చూసింది. సీటులో ఎవరో మనిషి ఉన్నాడు. రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. సారు ఫోనుతో సహా సందులో కింద పడ్డాడు.

"ఏయ్! ఏంటిది! మీదికొస్తోంది చూడు! ఇది కూడా రాయాలి ఫారంలో!"

"రాద్దురుగాని, ముందు చూడండి" అన్నాడు మామ. గేటు ముందు వ్యాన్ ఆపి, ఇంజను కట్టేశాడు. తాళంచెవి తీసి, అందరికీ కనబడేలా ముందు అద్దం దగ్గర పెట్టాడు.

చెల్లి ఖాళీ అయిన సీటును అరచేత్తో తుడిచింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత గేటు వైపు ముఖం పెట్టి కూర్చుంది. రెండు నిమిషాలు. గేటు తెరుచుకోలేదు, మెట్ల మీద ఎవరూ రాలేదు. అప్పుడు మణికట్టు నోటికి పోయింది. నేను తువ్వాలు దూర్చి పట్టుకున్నాను.

"బండి తియ్యవయ్యా! పిల్ల చెయ్యి కొరుక్కుంటోంది!"

"ఈ పిల్లలు కొరుక్కుంటారు సారూ. వాళ్ళ స్థితిలో భాగం."

సారుకు ముఖం ఎర్రబడింది. "నీకేమన్నా పిచ్చా? ఇంకా ఎంతసేపు ఇక్కడ?"

మామ సీటులో పక్కకు తిరిగాడు. అంతవరకు ఉన్న మీరు అనే మర్యాద పోయింది. "పదేళ్ళలో నలభైసార్లు వచ్చావు నువ్వు. సారికి ఒక్క నిమిషం. నలభై నిమిషాలు కూర్చో."

హారన్ కూతకు నవ్వే పిల్లాడు ఇప్పుడూ నవ్వుతున్నాడు. ఇంకో పిల్లాడికి చప్పట్లంటే ఇష్టం, వాడు అద్దం మీద అరచేతులతో వాయిస్తున్నాడు. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ తీగ వదిలేసి చూస్తోంది. రోజూ అయితే వ్యాన్ ఇప్పుడు అక్కడ ఆగదు, మలుపు తిరిగితే చెల్లి ఆగుతుంది. ఆ రోజు వ్యాన్ కదలలేదు. అది చెయ్యి వదిలి, మళ్ళీ సీటు తుడిచింది. మళ్ళీ గేటు చూసింది. రెండు నిమిషాలు. మళ్ళీ చెయ్యి. ఒక తువ్వాలు తడిసి, చిరిగింది. రెండోది తీశాను. అప్పుడు మామ మీద నాకు కోపం వచ్చింది. తన కొడుకు బాకీ నా చెల్లి చేత తీర్పిస్తున్నాడనిపించింది. అయినా ఆపమని అనలేదు.

మూడో విడత తుడవడం మొదలుపెట్టినప్పుడు సారు అరుపు ఆపాడు. వ్యాన్ నేల మీద, బురద చెప్పుల గుర్తుల మధ్య, అలాగే కూర్చుని గడియారం చూసుకున్నాడు. నాలుగో విడత కూడా అలాగే. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇది ముందు ఎలా ఉండేదమ్మా?"

పదహారు ప్రశ్నల్లో లేనిది అది. కూత గురించి చెప్పాను. మూతల డబ్బా గురించి, నిద్ర గురించి, ఆయమ్మ గురించి చెప్పాను. అంత పొడుగ్గా నేను ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన బ్యాగులోంచి కొత్త ఫారం తీసి మోకాలి మీద పెట్టుకుని రాశాడు. ఎవరి కోసమో ఎదురుచూస్తోంది అని రాశాడు. నాలుగు నెలలుగా తేడా అని రాశాడు. ప్రమాదం ఎక్కువ, డాక్టరుకు చూపించాలి, కేంద్రం నుంచి పంపకూడదు. సంతకం పెట్టాడు. మామ ఆ ఫారం తీసుకుని, ఒకటికి రెండుసార్లు చదివి, నా చేతికిచ్చాడు.

"దాచుకో. రేపు మేడమ్ చేతికి నువ్వే ఇవ్వు."

తర్వాత పైన అట్ట వంచి, పాత కాగితం తీసి సారు ఒళ్ళో పెట్టాడు.

"ఇదీ దిద్దు."

సారు చదివాడు. తేదీ చూశాడు. మామ ముఖం చూశాడు. ఎక్కడ చూశాడో అప్పటికి గుర్తొచ్చింది.

"ఇప్పుడు దిద్దితే ఏం ప్రయోజనం..."

"పిల్లాడికి లేదు. నాకుంది. రాయి."

సారు పెన్ను అందుకున్నాడు. ఎప్పటిలాగే అన్న మాట కొట్టేసి, పక్కన రాశాడు: తేడా ఉంది. నేను అడగలేదు. కింద సంతకం, ఆ రోజు తేదీ. కాగితం తిరిగి ఇస్తూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నన్ను క్షమించవయ్యా."

మామ కాగితం మడత పెట్టి, కవరులో దూర్చి, కవరు జేబులో పెట్టుకున్నాడు.

"వర్తించదు" అన్నాడు.

ఇంకా పదకొండు నిమిషాలు మిగిలాయి. అవి కూడా పూర్తి చేశాకే ఇంజను స్టార్టు చేశాడు. అంతసేపూ చెల్లి నోట్లో పెట్టిన తువ్వాలు అవతలి కొస సారే పట్టుకున్నాడు.

శనివారం పొద్దున నేను ఫారం ఇచ్చాను. నా వెనకే మామ వచ్చి, దిద్దిన కాగితం నకళ్ళు తల్లిదండ్రులందరికీ పంచాడు. ఒకటి నోటీసు బోర్డు మీద అతికించాడు. అత్త వద్దందట. "రాయించుకున్నావుగా మనిషీ, ఇంక ఊరుకో" అందట. ఊరుకోలేదు. పెద్ద మేడమ్ విచారణ పెట్టింది. పిల్లలను ఆలస్యంగా దింపినందుకు తల్లిదండ్రులు అప్పటికే గేటు దగ్గర గొడవ చేసి ఉన్నారు.

"డ్రైవరు మిమ్మల్ని వ్యాన్‌లో నిర్బంధించాడా?" అని సారును అడిగింది.

"తలుపు మూసి ఉంది" అన్నాడు సారు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

మామను తీసేశారు. సారు కూడా మళ్ళీ ఆ కేంద్రం గడప తొక్కలేదు. ఎక్కడో ఫైళ్ళు చూసే పనిలో పడేశారని విన్నాను. ఆయన చోట కొత్తావిడ వచ్చింది. మొదటి రోజే వ్యాన్ ఎక్కి మాతో తిరిగింది. శ్రద్ధతోనో భయంతోనో నాకు తెలియదు. చెల్లిని పంపేయలేదు. డాక్టరు మందు రాశాడు, వ్యాన్ దారి మార్చమన్నాడు, ఆయమ్మ చేత ఫోనులో మాట్లాడించమన్నాడు. ఫోనులోంచి "మహారాణీ" అని వినబడితే చెల్లి ఫోను వెనక్కి తిప్పి చూస్తుంది. కొరుక్కోవడం పూర్తిగా మానలేదు. పుండు మాత్రం ఎండుతోంది.

మామ ఇప్పుడు పాత షెడ్డులోనే లారీల కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు. పోయిన వారం చెల్లితో కలిసి వెళ్ళాను.

"కడుపు చల్లబడిందా మామా?"

"లేదే" అన్నాడు లారీ కిందనుంచి. "కానీ వాడిది మండుతోంది గదా. చాలు."

అత్త డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. "ఇప్పుడైనా అన్నం తింటున్నాడు" అంది నాతో.

ఇక తాళం సంగతి. ఆ వ్యాన్ పక్క తలుపు గడియ విరిగి రెండేళ్ళు దాటింది. దానికి తాళం పడదు. బయటి నుంచి వేసే వీలే లేదు. పాత దుప్పటి చించి పేనిన తాడు ఒకటి లోపలి పిడికి వేలాడుతూ ఉంటుంది, లోపల ఉన్నవాళ్ళే దాన్ని సీటు కాలికి కట్టుకోవాలి. ఆ శుక్రవారం నీలం గేటు ముందు, చప్పట్ల పిల్లాడు అద్దం వాయిస్తూ ఆనుకునేసరికి తలుపు జారి జానెడు తెరుచుకుంది. అది రెండో విడతప్పుడు. బయట రోడ్డు కనబడింది. దిగి వెళ్ళిపోవచ్చు. సారు లేచాడు, పిల్లాణ్ణి భుజం పట్టి లోపలికి లాగాడు, తలుపు మూశాడు, తాడు తీసుకుని సీటు కాలికి రెండు ముళ్ళు వేశాడు. వేసి, మళ్ళీ నేల మీద కూర్చున్నాడు.